బోరబండ అక్కయ్య

లేని పెండ్లాంతోని ఏడాది పొడుగూత కాపురం చేసిన మొగోడు హైదరాబాద్‌ల ఎవడన్న ఉన్నడంటె అది విజయేందరే. నవ్వకుండ్రి. జర ఆగి మొత్తం ఇనుండ్రి, తర్వాత మీ ఇష్టం.

విజయేందర్ పని తినిపించుడు. ప్రతి శనివారం పొద్దుగూకంగ అమీర్‌పేట మెట్రో మెట్ల కింద ఓ పదిమందిని జమ చేసి, ఇరానీ చాయ్‌తోని మొదలువెట్టి, గల్లీ గల్లీ తిప్పుకుంట, పంజాగుట్టల బిర్యానీ దాంక నడిపిస్తడు. ఫుడ్ టూర్ అంటరు దాన్ని. బెంగుళూరు నుంచి వచ్చినోళ్ళు, రిటైరైన జంటలు, సెలవుల్ల ఊరు చూడవచ్చినోళ్ళు, అందరు వస్తరు. "చార్మినార్ కాడికి ఎవరైన తీస్కపోతరు. హైదరాబాద్ రోజూ ఏం తిని బతుకుతదో చూడాలంటె అమీర్‌పేటకే రావాలె" అని మొదటి మాట అందుకుంటడు. ఆ మాట అయ్యేలోపల కోచింగ్ సెంటర్ల పోరగాండ్లు వచ్చి, టూర్‌కొచ్చిన అరవై ఏండ్ల ముసలాయన చేతిల సుత "జావానా సార్, పైథానా?" అనుకుంట పాంప్లెట్ పెట్టిపోతరు. అందరు నవ్వుతరు. అట్ల టూర్ మొదలైతది.

ముందుగాల విజయేందర్ ఓ హోటల్ల సర్వర్. పొద్దంత, రాత్రంత హోటల్లనే. సంబంధాలు చూసిన్నాడు "హోటల్ల పని చేసెటోడా" అని ఎవరో ఒకరు మూతి తిప్పుడే అయింది. గట్ల గట్లనే వయసు పోయింది. కరోనల హోటల్ మూతపడ్డది. తర్వాత ఫణీంద్ర అనే పోరడు ఈ టూర్ల కంపెనీ పెట్టి, ఊళ్ళె ఏ గల్లీల ఏం దొరుకుతదో తెలిసిన మనిషి కావాలంటె, విజయేందర్ దొరికిండు. మొదటి రోజే ఫణీంద్ర ఒక ముచ్చట చెప్పిండు. "అన్నా, ఏ వంటల ఏం ఏస్తరు అన్నది ఫోన్ల దొరుకుతది. గెస్టులకు అది వద్దు. ఇంటి ముచ్చట్లు చెప్పు. మీ అమ్మ, మా వదిన, పిల్లలు. వాళ్ళు వచ్చేది దానికే."

మా వదినట! ఉంటె గదా చెప్పేటందుకు.

మొదటి శనివారం, ఎస్.ఆర్. నగర్ గల్లీల కర్రీ పాయింట్ కాడ ఆగిండ్రు. హాస్టళ్ళల్ల, రూముల్ల ఉండెటోళ్ళు అన్నం ఒక్కటి కుక్కర్ల వండుకొని, కూర మాత్రం ఇసుంటి దుకాణంల ప్యాకెట్ కట్టించుకపోతరు. పప్పు, సాంబారు, ఏపుడు, పచ్చడి, ఏదైన సరే. విజయేందర్ ఆ ముచ్చటంత గెస్టులకు చెప్తుంటె, దుర్గాంబ అనే పెద్దావిడ, చూస్తె వాళ్ళమ్మ ఈడుంటది, మధ్యల అడ్డం తగిలింది. "అది సరే నాయనా, మీ ఇంట్లో ఎవరు వండుతారు?"

నేనే వండుకుంట అనొచ్చు. అంటె ఆగుతదా? పెండ్లి కాలేదా? ఎందుకు కాలే? ఇంక చూస్తున్నరా, లేదా? ఈ ప్రశ్నలు ఇరవై ఏండ్ల సంది చెవుల్ల మోగుతనే ఉన్నయి. పదిమంది కొత్తోళ్ళ ముంగట మళ్ళ ఎందుకని నోరు జారింది.

"మా ఇంటామె వండుతదమ్మా. ఆమె పచ్చిపులుసు తాగిన్రంటె మీరు ఈడనే ఉండిపోతరు. ఎల్లిపాయ, జీలకర్ర, ఏయించిన నువ్వుల పొడి ఏసి చేతితోనే పిసుకుతది. మిక్సీ మొఖం చూడనియ్యది."

పచ్చిపులుసు నిజమే. పిసికే చెయ్యి ఆయనదే. బోరబండల మూడో అంతస్తు మీది ఒంటి రూముల, ఒంటి స్టవ్వు ముంగట నిలబడి, ఆదివారం ఎర్రగడ్డ రైతుబజార్ల కొన్న చింతపండుతోని తనకోసం తను చేసుకునేదే. చెయ్యి ఒక్కటి మార్చి చెప్పిండు, అంతే. గెస్టులు ఆహా ఓహో అన్నరు. ఫణీంద్ర ఫోన్ చేసి "అన్నా, మస్తు రివ్యూలు, అందరు మా వదిన గురించే రాసిన్రు" అన్నడు. ఇంక ఎనుకకు ఎట్ల వస్తడు?

గంతల ఆగితె గిది కథే కాకపోవు. కర్రీ పాయింట్ గిన్నెల ఎనుక నిలబడి ఒకామె ఆ మాటలన్ని ఇన్నది. ఆమె పేరు స్వరాజ్యం. దుకాణం ఆమెదే. తణుకు దిక్కు మనిషి. మొగడు ఇక్కడ చిన్న కంపెనీల ఉద్యోగమని తీస్కొచ్చి, గుండెపోటొచ్చి పోయిండు. పిల్లలు లేరు. తిరిగి ఊరికి పోవుడు ఇష్టంలేక దుకాణం పెట్టుకున్నది. పొద్దటి సంది రాత్రి దాంక ఆమె ముంగట వందమంది నిలబడ్డ సరే, మాట్లాడేది ఏంది? "ఆంటీ, పప్పొకటి, దొండకాయ ఒకటి." మళ్ళ ఎవడు తలెత్తి చూడడు. చెవుల్ల వైర్లు పెట్టుకొని వస్తరు, ప్యాకెట్ పట్టుకొని పోతరు.

పై శనివారం విజయేందర్ గెస్టులను ఎదురుంగ ఉన్న బజ్జీల బండి కాడ నిలబెట్టి, ప్లేట్లు తయారు చెయ్యమని చెప్పేటందుకు ఒక్కడే ముందుగాల దుకాణానికి వచ్చిండు. అది ఆయన పద్ధతి. స్వరాజ్యం ఒక ప్యాకెట్ చేతిల పెట్టింది.

"ఏవండీ, ఇది మీ ఆవిడకి ఇవ్వండి. ఆవిడ పచ్చిపులుసులాగే నువ్వుల పొడి వేసి చేశాను. మా వైపు ఇలా చెయ్యం. ఎలా ఉందో కనుక్కుని చెప్పండి."

అయ్యో రామా అనుకున్నడు. అప్పుడన్న చెప్పొచ్చు. ఎనుక గెస్టులు చూస్తున్నరు. తీస్కున్నడు.

ఇంటికి పోయి, అన్నంల పోసుకొని, కూసొని తిన్నడు. చాన రోజులకు ఎవరో ఇంట్ల వండిపెట్టిన కూడు తిన్నట్టనిపించింది. పై వారం వచ్చి, "ఉప్పు జర తక్కువైందన్నది. మిగతదంత మంచిగున్నదట" అన్నడు. స్వరాజ్యం మొఖం ఎంత విచ్చుకున్నదో! ఆ ఒక్క మాటకు అంత సంబురపడే మనిషిని విజయేందర్ చూడలే.

గట్ల మొదలైంది. శనివారం శనివారం ప్యాకెట్ పోవుడు, పై శనివారం తీర్పు వచ్చుడు. "అక్కయ్య ఏమన్నారండీ?" అన్నది స్వరాజ్యం మొదటి మాట. మీ ఆవిడ అనుడు మానేసి ఎప్పుడు అక్కయ్య అన్నదో ఇద్దరికి తెల్వదు. గుత్తొంకాయల కారం ఎక్కువైందని అక్కయ్య అన్నది. చింతచిగురు పప్పు మంచిగ కుదిరిందన్నది. కరీంనగర్, వరంగల్ దిక్కు పోరగాండ్లు పచ్చిపులుసు కోసం లైన్ కడుతుంటె, "ఇదంతా అక్కయ్య చలవేనండీ" అని స్వరాజ్యం అందరికి చెప్పుకున్నది.

మరి అక్కయ్య ఒక్కసారన్న రాదేంది? అడగనే అడిగింది. "మోకాళ్ళ నొప్పులు" అన్నడు విజయేందర్. "మూడంతస్తులు దిగి ఎక్కలేదు." దానికి స్వరాజ్యం ఆవనూనెల కర్పూరం ఏసి కాచి సీసల పోసి ఇచ్చింది. ఆ నూనె పెట్టుకునే మోకాళ్ళు ఏడ తేవాలె? తన మోకాళ్ళకే రాసుకున్నడు. నవ్వొచ్చింది. కండ్లల్ల నీళ్ళు సుత వచ్చినయి.

ఒక మాట సక్కగ చెప్పాలె. మొదట్ల అది గెస్టుల కోసం చెప్పిన అబద్ధం. తర్వాత స్వరాజ్యం కోసం. చివరికొచ్చేసరికి విజయేందర్ తన కోసమే చెప్పుకున్నడు. నడిమి వారంల రూముల కూసొని, ఈసారి ఆ లేని పెండ్లాం ఏమంటది, ఏ కూరకు వంక పెడతది, దేనికి నవ్వుతది అని ఆలోచిస్తుంటె పొద్దు తెల్వకపోయేది. చీకటి రూముకు తాళం తీసుడు ఇంతకు ముందు ఎంత భారముండెనో, అంత లేకుండ పోయింది. గా ఆలోచనలల్ల ఆమెకు రాను రాను స్వరాజ్యం గొంతే వచ్చింది. నవ్వినా స్వరాజ్యం లెక్కనే నవ్వేది. ఇంక చెప్పేది ఏమున్నది? మనసు పడ్డడు. నలభై ఐదు దాటినంక, తెల్లవెంట్రుకలకు రంగు ఏసుకునే ఈడుల, మనిషి మీద మనసు పడ్డడు.

పడితె చెప్పాలె గదా! ఎట్ల చెప్తడు? స్వరాజ్యం ఓసారి గిన్నెలు తుడుచుకుంట అన్నది ఆయనకు ఇప్పటికి చెవుల్లనే ఉన్నది. "ఏమనుకోకండి విజయేందర్ గారూ, పెళ్ళాం గురించి పదిమందిలో ఇంత ప్రేమగా మాట్లాడే మగాణ్ణి నేను ఇంకొకర్ని చూడలేదండీ. అక్కయ్య అదృష్టవంతురాలు." ఆమెకు ఆయన మీద ఏమన్న మర్యాద ఉన్నదంటె అది పెండ్లాం ఉన్నందుకు. పెండ్లాం లేదని చెప్తె ఆ మర్యాద పోతది. చెప్పకుంటె ఆమె ఎన్నటికి ఆయన దిక్కు ఆ చూపు చూడది. తన ఉరి తనే పేనుకున్నడు పిచ్చోడు.

అట్లుండంగ మొన్న శ్రావణంల ఒక శనివారం స్వరాజ్యం మొఖం మంచిగ లేకుండె. ప్యాకెట్ కట్టుకుంట, తల వంచుకొనే చెప్పింది.

"మా తమ్ముడు హనుమత్ప్రసాద్ ఫోన్ చేశాడండీ. దుకాణం ఎత్తేసి తణుకు వచ్చేయమంటున్నాడు. ఒంటరిదానివి, ఆ ఊళ్ళో నీకెవరున్నారు, అని. నెలాఖరుకి వచ్చి తీసుకెళ్తాడట."

విజయేందర్ ఆత్రంగ అడిగిండు. "మీరేమన్నరు?"

"ఏమీ అనలేదు. అక్కయ్యని అడిగి చెప్తానన్నాను." తలెత్తి చూసింది. "నిజంగానండీ. ఆవిడ ఏం చేయమంటే అది చేస్తాను. వెళ్ళమంటే వెళ్తాను, ఉండమంటే ఉంటాను. అడిగి వచ్చే శనివారం చెప్పండి. మర్చిపోకండేం."

గా వారం ఎట్ల గడిచిందో విజయేందర్‌నే అడగాలె. ఉండమన్నది అని చెప్తె స్వరాజ్యం ఉంటది. ఆ తర్వాత? అబద్ధంతోని ఒక మనిషి బతుకును ఈ ఊళ్ళె కట్టేసినట్టు కాదా? నిజం చెప్తె అన్నీ తేలిపోతయి, ఉమ్మేసి పోయినా పోతది. పొమ్మన్నది అని చెప్పుడు మాత్రం ఆయనతోని అయ్యేది కాదు. తనకు తెలిసిన మనుషులందరిని యాది చేసుకున్నడు, ఎవరినన్న సలహా అడుగుదామని. ఫణీంద్రకు చెప్తె రివ్యూల గురించి భయపడతడు. సొంత అన్నకు చెప్తె నవ్వుతడు. చివరికి అడగాలనిపించింది ఎవరినో ఎరుకేనా? ఆమెనే. ఆ లేని మనిషినే. ఖాళీ రూముల కూసొని, "ఏం చెయ్యమంటవే?" అని పైకే అడిగి, సప్పుడు లేకపోయేసరికి బీరిపోయి చూసుకుంట కూసున్నడు.

శనివారం వచ్చింది. ఆ రోజు గెస్టులల్ల అరుణాదేవి అని ఒక రిటైరైన టీచరమ్మ ఉన్నది. విజయవాడ నుంచి ఒక్కతే వచ్చింది. మంచి మనిషి, అన్నిటికి ప్రశ్నలు అడుగుతది. ఇరానీ చాయ్ అయింది, గోలీ సోడా అయింది. బజ్జీల బండి కాడ అందర్ని నిలబెట్టి, విజయేందర్ గల్లీ దాటిండు. నిజమే చెప్పాలె అని ఇంట్లనే ఖాయం చేసుకొని వచ్చిండు.

స్వరాజ్యం మంచి చీర కట్టుకున్నది. ఆయనను చూడంగనే గరిటె గిన్నెల ఇడిసిపెట్టి ముందుకొచ్చింది. "ఏమన్నారండీ అక్కయ్య?"

గా ఆత్రం చూసినంక, ఖాయం చేసుకున్నదంత యాడికో పోయింది.

"ఉండమన్నది."

"ఆవిడే అన్నారా? ఆవిడ నోటితో?"

"అన్నది. ఆ పిల్లను పోనియ్యకు, అన్నది."

ఆ రెండో మాట ఎందుకు కలపాలె? కలిపిండు. స్వరాజ్యం కండ్లు నిండినయి. "నాకు తెలుసండీ! ఆవిడ అలాగే అంటారని నాకు తెలుసు," అనుకుంట కొంగుతోని మొఖం తుడుచుకున్నది, నవ్వింది, మళ్ళ తుడుచుకున్నది. "ఇవాళ త్వరగా షట్టర్ దించేస్తాను. మీ వాళ్ళని పంజాగుట్టలో వదిలేసి వచ్చేయండి, ఇద్దరం ఆటోలో వెళ్దాం. ఇంక మోకాళ్ళు, మెట్లు అని తప్పించకండి. ఆవిడ దిగక్కర్లేదు, నేనే ఎక్కుతాను. ఒక్కసారి ఆవిడ పక్కన కూర్చోవాలండీ. చీర కూడా అందుకే కట్టుకున్నాను."

ఊరికి పోయింది అనొచ్చు. నాలిక మీదనే ఉన్నది ఆ మాట. ఏడాది సంది అలవాటైన నాలిక గదా. కని ఆ మొఖం చూసుకుంట ఇంకో అబద్ధం గొంతు దాటలే.

"ఎవరు లేరు స్వరాజ్యంగారు."

"ఎక్కడ?"

"ఇంట్ల. ఎన్నడు లేరు. నాకు పెండ్లే కాలే. పచ్చిపులుసు నేను చేసుకునేదే. మీరిచ్చిన కూరలన్ని నేనే తిన్న. ఉప్పు తక్కువన్నది నేను, మంచిగున్నదన్నది నేను." ఒకడుగు ముందుకేసిండు. "ఉండమన్నది సుత నేనే. మీరు పోతె నేను తట్టుకోలేను. అది మాత్రం అబద్ధం కాదు."

ముందుగాల నవ్వబోయింది ఆమె, మజాక్ చేస్తుండనుకొని. ఆయన మొఖం చూసి ఆగిపోయింది. ఒకాయన వచ్చి సాంబారు అడిగితె, కట్టి ఇచ్చింది. చేతులు వాటి పని అవే చేసుకున్నయి.

"మరి ఆ మోకాళ్ళ నొప్పులు?" అన్నది.

"అబద్ధం."

"బల్కంపేట ఎల్లమ్మకి మొక్కుకున్నానండీ. ప్రతి మంగళవారం వెళ్ళొస్తున్నాను, ఆ మోకాళ్ళ కోసం."

విజయేందర్‌కు భూమి పగిలి లోపలికి పోతె బాగుండనిపించింది. "తిట్టుండ్రి," అన్నడు. "కొట్టినా పడత. ఏమన్న అనుండ్రి."

"కోపం రావట్లేదండీ. వస్తే బాగుండేది." స్టూలు మీద కూసున్నది. ఆమె గొంతుల తిట్టు లేదు, ఏమీ లేదు. "మీరు చెడ్డవారు కాదు. నాకు తెలుసు. కానీ మీకు తెలీదు విజయేందర్ గారూ. పొద్దున్నే లేచి ఉల్లిపాయలు కోస్తూ ఆవిడతో మాట్లాడుకుంటాను. ఇవాళ ఎవరొచ్చారు, ఎవరేమన్నారు, ఒంట్లో ఎలా ఉంది, అన్నీ ఆవిడకే చెప్పుకుంటాను. జ్వరమొచ్చి పడుకున్నప్పుడు, ఏం పర్వాలేదు, బోరబండలో అక్కయ్య ఉంది కదా, అనుకున్నాను. ఈ ఊళ్ళో నాకున్న ఒక్క మనిషి ఆవిడేనండీ. మీరు కాదు. ఆవిడ."

"నేనున్న గదా," అన్నడు విజయేందర్. ఆయనకే ఇనవడనంత సన్నగ వచ్చింది ఆ మాట.

"మిమ్మల్ని చూస్తే నాకు ఆవిడే గుర్తొస్తుంది. ఎప్పటికీ ఆవిడే గుర్తొస్తుంది. ఎలాగండీ మరి?" ఫోన్ చేతిలకు తీస్కున్నది. "తమ్ముణ్ణి రమ్మంటాను." కని నంబర్ కలపలే. ఫోన్ ఒళ్ళె పెట్టుకొని, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, అప్పుడు ఏడ్చింది. మోసపోయినోళ్ళు ఏడ్చే ఏడుపు కాదది. ఇంట్ల మనిషి పోయినప్పుడు ఆడోళ్ళు ఏడుస్తరు చూడుండ్రి, ఆ ఏడుపు.

గెస్టులు బజ్జీలు తిని, చేతులు తుడుచుకుంట ఇటు దిక్కు వచ్చిండ్రు. అందరి కన్న ముందు అరుణాదేవి టీచరమ్మ ఉన్నది. లోపల ఏడుస్తున్న మనిషిని చూసి ఆగిపోయింది.

"ఏమైందండీ ఆవిడకి?"

విజయేందర్ టీచరమ్మ దిక్కు మళ్ళిండు.

"వాళ్ళ అక్క పోయింది."

"అయ్యయ్యో! ఎప్పుడండీ?"

"ఇప్పుడే," అన్నడు.

టీచరమ్మ ఇంకేం అడగలే. చెప్పులు బయట ఇడిసి, గిన్నెల పక్క నుంచి లోపలికి పోయి, స్వరాజ్యం పక్కన నిలబడి భుజం మీద చెయ్యేసింది. స్వరాజ్యం ఆమె ఎవరని సుత అడగకుండ ఆ చెయ్యి గట్టిగ పట్టుకున్నది. ఒకామె నీళ్ళ గ్లాసు తెచ్చింది. కూరకొచ్చినోళ్ళు సంగతి తెలిసి, చెవుల్ల వైర్లు తీసేసి, సప్పుడు చెయ్యకుండ ఎనుకకు మళ్ళిండ్రు. గల్లీల అందరు స్వరాజ్యం దిక్కే చూస్తున్నరు.

విజయేందర్ రోడ్డు మీదనే నిలబడ్డడు. ఆయన భుజం మీద ఎవరు చెయ్యి వెయ్యలే. ఏమని వేస్తరు?